పాటకు పాలివారు: గేయకర్త ఏ సంఘమున చేరవలెను?

సూరత్ నగరమునకు ఆగ్నేయముగా, ఉధ్నా స్టేషనునుండి జలగాం వైపు సాగిపోవు రైలుదారికి చేరువను, డిండోలి నానుకొని యున్న నవాగామ్‌లోను, దాని పొరుగుననున్న లింబాయత్‌లోను, ఖాందేశ మరాఠీల నడుమ, ఉత్తరాది కార్మికుల నడుమ, తెలంగాణమునుండి సాంచెల (మరమగ్గముల) పనికై తరలివచ్చిన తెలుగు కుటుంబములు ఏండ్ల తరబడి కాపురముండుచున్నవి. అహమ్మదాబాదునుండి చెన్నపట్టణమునకు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు సూరతును ఓరుగల్లుతో కలుపుచున్నది గావున, మనుష్యులతోపాటు మార్కండేయ మహర్షి ఆరాధనయు, బతుకమ్మయు, పల్లెపదములును ఈ తపతీ తీరమునకు చేరినవి. నగరపాలక సంస్థవారు తెలుగు మాధ్యమమున కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుచుండుటచే అక్షరముతో వారి సంబంధము తెగిపోలేదు. ఇట్టి చోట పాట కట్టువాడు నిన్నటివరకు నలుగురిలో పాడి సంతోషించెడివాడు. నేడు దానిని ముద్రింపించి, యూట్యూబున నిలిపి, షోలాపురమునను, భివండిలోను, దుబాయిలోను ఒక్కనాడే వినిపింపగలుగుచున్నాడు. వినువారు పెరిగినకొలది ఒక ప్రశ్నయు పెరిగినది. పాట పదిచోట్ల మ్రోగునప్పుడు పుట్టెడి ధనములో రచయిత పాలును ఎవరు వసూలు చేయుదురు? అందులకై అతడు ఏ సంఘమున చేరవలెను?

ఈ ప్రశ్న అమెరికా దేశమున ఒక విధముగను, మన దేశమున మరియొక విధముగను వినబడును. అచట నాలుగు సంఘములు కవిని తమ గడపకు పిలుచుచుండగా, అతడు వాని లాభనష్టములను బేరీజు వేసికొని ఒకదానిని ఎన్నుకొనును. ఇచట సాహిత్య సంగీతములకు చట్టము గుర్తించిన సంఘము ఒక్కటియే. కావున ఎంపిక లేదనుకొని ఊరకుండువారు కొందరు. యూట్యూబు డబ్బు వచ్చుచున్నది గదా, సంఘమెందులకనువారు కొందరు. ధ్వనిముద్రణ సంస్థవారు చూచుకొందురులెమ్మని సంతకము చేయువారు పెక్కురు. ఈ మువ్వురి అభిప్రాయములను పరిశీలించినమీదట నాకు దృఢముగ తోచినది ఇది: మన గేయకర్తకు సంఘము పేరుకంటె క్రమము ముఖ్యము. సంఘమున చేరిక ముందు, ముద్రణ సంస్థకు సంతకము తరువాత కావలయును. ఈ క్రమము తప్పినవాడు మిక్కిలి మంచి సంఘమున చేరినను సగము ఫలమును పోగొట్టుకొనును.

సంఘములు పుట్టిన తీరు

1847లో పారిస్ నగరమున అంబాసడర్స్ అను సంగీత విహారశాలకు పోయిన ఎర్నెస్ట్ బుర్జే అను గేయకర్త, తన పాటలే అచట వినోదార్థము పాడబడుచుండుట విని, తాను త్రాగిన చక్కెర నీటికి వెల ఇయ్యననెను. తన రచనను వాడుకొని యజమాని వెల ఇయ్యనప్పుడు తానేల ఇయ్యవలెనని అతని వాదము. న్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పెను. ఐతే ఒక్క కవి ఊరూర తిరిగి ప్రతి విహారశాల యజమానితోను వ్యాజ్యమాడలేడు గదా! అందుచే రచయితలు, స్వరకర్తలు, ప్రచురణకర్తలు కూడి 1851లో ‘సాసెమ్’ అను సంఘమును స్థాపించిరి. లండను నగరమున పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీయు, న్యూయార్కున ఆస్కాపును 1914లో పుట్టినవి. అమెరికాలో భోజనశాలలవారు సంగీతమునకు వేరుగా రుసుము పుచ్చుకొనుట లేదు గావున తాము ఏమియు ఇయ్యనక్కరలేదని వాదింపగా, 1917లో అచటి సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి హోమ్స్ ఆ వాదమును త్రోసిపుచ్చి, వచ్చినవారు చెల్లించు మొత్తములోనే సంగీతపు వెలయు ఇమిడియున్నదని నిర్ణయించెను. పిమ్మట సెసాక్ 1930లోను, ప్రసారసంస్థలు నెలకొల్పిన బి.ఎం.ఐ. 1939లోను, గ్లోబల్ మ్యూజిక్ రైట్స్ 2013లోను వెలసినవి. దేశదేశముల సంఘములను కలుపు సిసాక్ అను సమాఖ్య 1926లో పారిస్‌లో ఏర్పడినది. ఒక దేశపు సంఘమున సభ్యుడైన కవి పాట మరియొక దేశమున మ్రోగినచో, ఆ రెండు సంఘముల నడుమ ఒప్పందము ఉన్నయెడల అతని పాలు అతనికి చేరుటకు మార్గము ఈ విధముగా ఏర్పడినది.

మన రచయితల గతి

1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు పాటలు వ్రాసినవారు ఖమ్మము ప్రాంతపు చందాల కేశవదాసు. ఆయన ‘కనకతార’ నాటకమునకై రచించిన ప్రార్థనాగీతము తెలుగు రంగస్థలమున తరతరములవారు తెర లేచుటకు ముందు పాడుకొన్నట్టిది. ఆ పాట మ్రోగని ఊరు తెలుగునాట అరుదు. కేశవదాసు 1956లో గతించిరి. మన దేశమున రచయితల పక్షమున వసూళ్లు చేయుటకు ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, సంక్షేపముగా ఐ.పి.ఆర్.ఎస్., ముంబయిలో ఏర్పడినది 1969లో. రచయిత జీవితకాలమును, మరణానంతరము 60 ఏండ్లును హక్కు నిలుచునన్న నేటి నియమము ప్రకారము ఆయన రచనలపై హక్కు 2016 చివరతో ముగిసినది. అన్ని వేదికలమీద అన్ని వేలమారులు వినబడిన గీతమునకు ప్రదర్శనపు పాలు అడిగిపెట్టువాడు ఆయన జీవితకాలమున లేకుండెను. ఈ ఒక్క జీవితమును చూచినను సంఘము ఎందులకో బోధపడును.

సంఘము ఏర్పడినంతమాత్రమున చిక్కు తీరలేదు. ఐ.పి.ఆర్.ఎస్.కును తూర్పు భారత చలనచిత్ర సంఘమునకును నడచిన వ్యాజ్యమున 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత ప్రతిఫలమిచ్చి వ్రాయించుకొన్న పాటకు, వేరు ఒప్పందము లేనిచో నిర్మాతయే తొలి యజమాని యని తీర్పు చెప్పెను. న్యాయమూర్తి కృష్ణయ్యర్ ఆ తీర్పునకు తన మాటలు కొన్ని చేర్చి, పాడిన గాయకునకు మన చట్టమున ఏ హక్కును లేకుండుటను ఎత్తిచూపిరి. గాయకాదులకు హక్కు 1994 సవరణతో కొంత లభించినది గాని, కవికిని స్వరకర్తకును 1977 తీర్పు పెట్టిన ఇరుకు మూడు దశాబ్దములకు పైగా అట్లే నిలిచెను. ఒకేమారు సొమ్ము పుచ్చుకొని సర్వమును వ్రాసియిచ్చుట చిత్రసీమలో ఆచారమైపోయెను.

ఈ స్థితిని మార్చినది 2012 జూన్ 21న అమలులోనికి వచ్చిన కాపీరైటు సవరణ చట్టము. రాజ్యసభ సభ్యుడుగా నుండిన కవి జావేద్ అఖ్తర్ దీనికై గట్టిగా వాదించిరి. ఈ చట్టము ప్రకారము సినిమాలో చేరిన పాట విషయమున, సినిమాహాలులో చిత్రముతోపాటు ప్రదర్శించుట మినహా తక్కిన అన్ని వాడుకలకును, సినిమాకు చేరని ధ్వనిముద్రణము విషయమున ఏ వాడుకకైనను, హక్కు పుచ్చుకొన్నవానితో సమానముగా రాయల్టీ పంచుకొను అధికారము రచయితకును స్వరకర్తకును ఉన్నది. దానిని తన వారసులకు గాని, కాపీరైటు సంఘమునకు గాని తప్ప మరెవరికిని వదలుకొనుటకు వీలులేదు. వదలుకొన్నట్లు వ్రాసినను ఆ వ్రాత చెల్లదు. అంతేగాక, సంఘమున రచయితలును యజమానులును సమానసంఖ్యలో పాలకవర్గమున ఉండవలెనని కూడ శాసనము విధించినది. ప్రతి సంఘమును మరల రిజిస్టరు కావలెనను నియమము ననుసరించి ఐ.పి.ఆర్.ఎస్. 2017 నవంబరు 28న పునర్నమోదు పొందినది. రేడియోలో ధ్వనిముద్రణము ప్రసారమైనప్పుడు దానిలోని సాహిత్య సంగీతములకు వేరుగా రాయల్టీ చెల్లవలెనా యను వివాదమున బొంబాయి హైకోర్టు 2023 ఏప్రిల్ 28న రచయితల వాదమును అంగీకరించినది.

ఒక పాట, మూడు హక్కులు

ఏ సంఘమని అడుగుటకు ముందు, ఈ పాటలో నేనెవరనని కవి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. నేతపనివారికి తెలిసిన మాటలలో చెప్పవలెనన్నచో, సాహిత్యము పడుగు, స్వరము పేక, ముద్రితమైన పాట నేసి దించిన గుడ్డ. గుడ్డ ఒకరి సొత్తైనను పడుగు పేకలు పెట్టినవారి లెక్క వేరుగా నిలిచియుండుట చట్టమునందలి విశేషము. సాహిత్యమునకును సంగీతమునకును ఐ.పి.ఆర్.ఎస్. సంఘము. పాడినవారికిని వాద్యకారులకును గాయకుల హక్కుల సంఘముగా 2013లో రిజిస్టరై, ఇప్పుడు ఇసామ్రా యను పేర వ్యవహరింపబడుచున్న సంఘము. ధ్వనిముద్రణమునకు యజమానులైన సంస్థల పక్షమున 1941నుండి ఉన్న ఫోనోగ్రాఫిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్, అనగా పి.పి.ఎల్., ఒకటియు, 2021లో కాపీరైటు సంఘముగా రిజిస్టరైన రికార్డెడ్ మ్యూజిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్ మరియొకటియు కలవు. రిజిస్ట్రేషను లేక పి.పి.ఎల్. లైసెన్సులు ఇయ్యవచ్చునా యను వివాదము 2025లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనమును దాటి సుప్రీంకోర్టుకు ఎక్కినది. అది ముద్రణకు యజమానులైన వారి పోరాటము. కవి ఆ వాదములలో చిక్కుకొని తన దారిని మరువరాదు.

నవాగామ్ వంటి చోట ఒక్కడే పాట వ్రాయును, బాణీ కట్టును, పాడును, తన సొంత సొమ్ముతో స్టూడియోలో ముద్రింపించును. అట్టివాడు నాలుగు పాత్రలను ఒక్క దేహముతో ధరించినవాడు. రచయితగాను స్వరకర్తగాను అతనికి ఒక సంఘము, గాయకుడుగా ఒకటి, ముద్రణ యజమానిగా మరియొక దారి. యూట్యూబు చానలుకు వచ్చు ప్రకటనల సొమ్మును, పాటను స్పాటిఫై మొదలగు వేదికలకు చేర్చు డిస్ట్రిబ్యూటరు పంపు సొమ్మును ప్రధానముగా ముద్రణకు చెందినవి. ఆ సొమ్ము ఖాతాలో పడినది గావున రచయిత పాలు కూడ వచ్చినదని భావించుట పొరపాటు. అడుగువాడు లేనిచో ఆ రెండవ పాలు అతని దాక రాదు.

నిజముగా ఎన్నుకొనవలసినవి

ఒకే తరగతి రచనలకు సాధారణముగా ఒక్క సంఘమునే రిజిస్టరు చేయవలెనని మన చట్టము చెప్పుచున్నది. సినిమాలలోను ధ్వనిముద్రణములలోను చేరిన సాహిత్య సంగీతములకు లైసెన్సులిచ్చు వ్యాపారము రిజిస్టరైన సంఘము ద్వారానే సాగవలెనని కూడ 2012 సవరణ నిర్దేశించినది. ఐనను రచయితయెదుట మూడు దారులు కలవు.

మొదటిది, ఏ సంఘమునను చేరక తన రచనలకు తానే అనుమతులిచ్చుకొనుట. ఇది చట్టసమ్మతమే, సంఘ సభ్యుడైనవాడు తన అధికారపత్రమును ఉపసంహరించుకొనుటకు కూడ వీలున్నది. 2017 మార్చిలో ఇళయరాజా తమ స్వరరచనలను అనుమతిలేక వేదికలపై పాడరాదని నోటీసు పంపగా, అమెరికా పర్యటనలో నుండిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలు పాడుట మానుదునని ప్రకటించిరి. ఇరువురును మహనీయులే, ఆనాడు అభిమానులు నొచ్చుకొనిరి గాని, ఆ ఘటన ఒక సత్యమును లోకమునకు తెలిపినది: పాడిన కంఠము ఎంత ప్రసిద్ధమైనను పాటకు కర్త వేరు, వేదికపై పాడుటకు అనుమతి కర్తదే. ఇళయరాజా వంటి నామధేయము గలవారు స్వయముగా అడిగి వసూలు చేసికొనగలరు. రెండు షిఫ్టులు సాంచెల నడుమ నిలిచి రాత్రిపూట పాట కట్టు కార్మికుడు హైదరాబాదు రేడియో కేంద్రమునకు, దుబాయి హోటలుకు, విమానాశ్రయపు అంగడికి లేఖలు వ్రాయగలడా? వ్రాసినను బదులిచ్చువారెవరు? చిన్న రచయితకు ఈ దారి స్వాతంత్ర్యమువలె కనిపించు ఏకాకితనము.

రెండవది, విదేశీ సంఘమున చేరుట. న్యూజెర్సీలోనో డాలసులోనో స్థిరపడిన తెలుగు కవికి ఆస్కాపో బి.ఎం.ఐ.యో సహజమైన దారి. ఆ దేశమున ఒక కాలమున ఒక్క సంఘమునందే సభ్యత్వము చెల్లును; 2024లో బి.ఎం.ఐ. ఒక పెట్టుబడి సంస్థ చేతికి పోయినది గావున, లాభాపేక్ష లేని ఆస్కాపుకును దానికిని గల భేదమును కూడ తూచుకొనవలసియుండును. పాట ప్రధానముగా ఎచట మ్రోగునో అచటి సంఘము లెక్కలు ముందుగా చేతికందును. పరాయి సంఘముల ద్వారా వచ్చు సొమ్ము ఆలస్యముగను, నడుమ ఖర్చులు తరుగగను వచ్చును. నవాగామ్ పాట వినువారు సూరతునను, భివండిలోను, కరీంనగరమునను ఉండగా న్యూయార్కు సంఘమున చేరుట దూరపు చుట్టరికమే యగును.

మూడవది, ఐ.పి.ఆర్.ఎస్.లో చేరుట. గేయకర్తగా, స్వరకర్తగా, హక్కుల యజమానిగా, గతించినవారి వారసులుగా సభ్యత్వము పొందవచ్చును. తన హక్కును ఎవరికిని ఇయ్యనివాడు యజమాని పాలును కూడ తన పేరనే నిలుపుకొనవలెను. ప్రదర్శన హక్కుతోపాటు ప్రతులు తీయు హక్కునకు సంబంధించిన రాయల్టీని కూడ ఈ సంఘమే చూచుచున్నది. అమెరికాలో ఈ రెండవ పనికి వేరు సంస్థ ఉండగా, ఇచట ఒక్క గడపతో పని తీరుట రచయితకు మేలే.

ఐతే సంఘమునకు గల లోపములను దాచుట సమీక్షకునకు తగదు. వసూలైన మొత్తమును పంచుట ప్రసార పట్టికలపైనను, వేదికలు పంపు వినియోగపు లెక్కలపైనను ఆధారపడియుండును. వానిలో పేరు కనబడని పాటకు పాలు పుట్టదు. కావున సభ్యుడగుటతో పని ముగియదు; ప్రతి పాటను వేరుగా నమోదు చేయవలెను. ఆ నమోదు పత్రమును దగ్గరగా చూచినచో చిన్నవిగా తోచు గడులే ప్రమాదస్థానములని తెలియును. పాట పేరు, మారుపేరు, భాష, రచయిత, స్వరకర్త, ఒక్కొక్కరి వంతు, ప్రతి సభ్యునికి అంతర్జాతీయముగ ఇయ్యబడు ఐ.పి.ఐ. సంఖ్య, ముద్రణమునకు గల ఐ.ఎస్.ఆర్.సి. సంఖ్య, విడుదలైన తేది. మన పాటల పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎక్కునప్పుడు బతుకమ్మలోని ‘తు’కు ఒకరు ‘హెచ్’ చేర్చుదురు, మరొకరు చేర్చరు. ఒక్క పాట రెండు పాటలుగా కనబడి, మ్రోగిన పాట ఒక పేరను, నమోదైన పాట మరొక పేరను నిలిచిపోవచ్చును. ఇంటిపేరు ముందు వ్రాయుట, వెనుక వ్రాయుటలోను ఇదే చిక్కు. సకల స్థలములయందును ఒకే వర్ణక్రమము పాటించుటయు, అన్ని వ్యావహారిక రూపములను మారుపేరు గడిలో చేర్చుటయు రచయిత తన చేతులతో చేసికొనవలసిన కాపుదల.

సంఘమును పరీక్షించుటకు కొలమానములు కూడ చట్టమే ఇచ్చినది. పాలకవర్గమున రచయితలకు సమస్థానమున్నదా? లైసెన్సు రేట్లు బహిరంగముగ ప్రకటింపబడినవా? 2021 నియమముల సవరణ విధించిన వార్షిక పారదర్శకతా నివేదికలో ఎంత వసూలైనది, ఎంత పంచబడినది, ఎంత పంచక మిగిలినది చూపబడినదా? ఈ నివేదికను చదువుట సభ్యునికి హక్కు మాత్రమే గాదు, విధియును.

ముందు సంఘము, పిమ్మట సంతకము

ఇక అసలు విషయమునకు వత్తము. ఒక కొత్త రచయితను ఊహింతము. అతని పాట విన్న ముద్రణ సంస్థవారు వెంటనే కొంత సొమ్ము చేతిలోనుంచి, స్టాంపు కాగితమును ముందు పెట్టుదురు. ఈ గీతముపై నాకు గల సమస్త హక్కులను, శాశ్వతముగా, ప్రపంచమంతటికిని, ఇప్పుడున్నవియు ఇకముందు కనుగొనబడునవియునగు మాధ్యమములన్నిటికిని చెల్లునట్లు ఇచ్చివేసితినను అర్థముతో అందు వ్రాత ఉండును. అద్దెకును, ఊరికి పంపుటకును డబ్బు అవసరమైనవాడు రెండవమారు చదువకయే చేవ్రాలు చేయును.

చట్టము ఈ కాగితమును ఎట్లు చదువునో చూతము. ఒప్పందమైన నాటికి లేని, వాడుకలో లేని మాధ్యమమును ప్రత్యేకముగ పేర్కొననిదే అది ఒప్పందములోనికి రాదు. ‘ఇకముందు కనుగొనబడునవి’ యను మూకుమ్మడి మాటతో పని కాదు. రాయల్టీ మొత్తమును ఒప్పందమున వ్రాయవలెను. కాలము వ్రాయనిచో అయిదేండ్లు మాత్రమే, ప్రదేశము వ్రాయనిచో భారతదేశము మాత్రమే యని అర్థము చేసికొనవలెను; కాని ‘శాశ్వతముగా, ప్రపంచమంతటికిని’ యని కాగితమున ఉన్నప్పుడు ఈ రక్షణలు రచయితకు దక్కవు. సమాన రాయల్టీ పాలు మాత్రము ఎట్టి వ్రాతతోను పోదు.

ఇన్నిటికంటె బలమైన నియమము పందొమ్మిదవ విభాగమున, ఎనిమిదవ ఉపవిభాగమున ఉన్నది. రచయిత తాను సభ్యుడుగానున్న కాపీరైటు సంఘమునకు ముందుగనే ఇచ్చియున్న హక్కుల షరతులకు విరుద్ధముగా పిమ్మట చేసిన దత్తము చెల్లనేరదు. దీని ఫలితమును నిదానముగా ఆలోచింపవలెను. సంఘమున చేరిన తరువాత సంతకము చేసినవాని హక్కును సంఘ షరతులు కాపాడును. అవసరమువలన, తెలియమివలన, మొగమాటమువలన చేసిన సంతకము ఆ మేరకు వ్యర్థమగును. సంతకము చేసిన తరువాత సంఘమున చేరినవాడు ఇచ్చివేయగా మిగిలినదానిని మాత్రమే సంఘమునకు ఒప్పగింపగలడు. ఒకే వ్యక్తి, ఒకే పాట, అవే రెండు కాగితములు. తేదీల వరుస మారినచో జీవితకాలపు ఫలము మారుచున్నది. ఏ సంఘమని నెలల తరబడి చర్చించు మిత్రులు ఈ వరుసను గూర్చి ఒక్క దినమైనను చర్చింపకుండుట నాకు బాధాకరము.

మరియొక మాట. హక్కు పుట్టుటకు ఏ రిజిస్ట్రేషనును అక్కరలేదు. పాట వ్రాతరూపమున గాని ముద్రణరూపమున గాని నిలిచిన క్షణమే హక్కు పుట్టును. ఐనను వివాదము వచ్చినప్పుడు సాక్ష్యము కావలెను గనుక, 500 రూపాయల రుసుముతో కాపీరైటు కార్యాలయమున నమోదు చేయించుట వివేకము.

అందరి పాట, ఒకని పాట

మన సమాజమున మరియొక సున్నితమైన చిక్కు కలదు. బతుకమ్మ పాటల బాణీలు తరతరముల ఆడువారి కంఠములనుండి వచ్చినవి; వానికి ఏకైక కర్త లేడు. అట్టి బాణీకి కొత్త మాటలు కట్టినవాడు తన మాటలకే కర్త. బాణీ గడిలో సంప్రదాయమని వ్రాయుట నిజాయితీ. తన పేరు వ్రాసికొనుట పదిమంది సొత్తును తన పెట్టెలో పెట్టుకొనుటయే. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమున వచ్చిన ‘సారంగ దరియా’ పాట చుట్టు రేగిన వాదము దీనికి దగ్గరి దృష్టాంతము. జానపద గీతమును సేకరించి వేదికపైకి తెచ్చినవారి స్థానమేమి, దానిని విస్తరించి వ్రాసిన కవి స్థానమేమి యను ప్రశ్నలు ఆనాడు తెలుగునాట అందరి నోటను నలిగినవి. సేకరణకు మన చట్టమున రచనతో సమానమైన స్థానము లేదు గాని, మర్యాదలో దానికి స్థానముండవలెను.

దీనికి మారుదిక్కున మరియొక పొరపాటు జరుగుచున్నది. ప్రజల నోట నానినది గావున కర్త లేని పాటయని భావించుట. సుద్దాల హనుమంతు కట్టిన పశులకాపరి బాలుని పాట తెలంగాణ సాయుధ పోరాటకాలమున జనుల నోట నిలిచి, పిమ్మట ‘మా భూమి’ చిత్రమున వినబడినది. అది పల్లె పాటవలె నుండుట ఆ కవి ప్రతిభ; కర్త లేకపోవుట కాదు. 1982లో గతించిన ఆయన రచనలపై వారసుల హక్కు 2042 వరకు నిలుచును. కావున నవాగామ్ యువకులు పాత ఉద్యమగీతములను కొత్త వాద్యములతో ముద్రింపనెంచినప్పుడు, ఇది జానపదమా, కర్త గల రచనయా యని ముందుగా విచారించుట ధర్మము. తన పాలుకై పోరాడువాడు పరుల పాలును గౌరవింపవలెను.

పండుగ, పెండ్లి, టికెట్టు

గేయకర్తయే ఒక్కొక్కప్పుడు ఉత్సవ నిర్వాహకుడును గదా! అప్పుడు అతడు ఇచ్చుకొనువాని స్థానమున నిలుచును. ధర్మబద్ధమైన మతకార్యములలోను, వివాహ ఊరేగింపులలోను, వివాహ సంబంధమైన వేడుకలలోను పాట వినిపించుటకు రుసుము లేదని చట్టము చెప్పుచున్నది. 2023 జులైలో కేంద్రప్రభుత్వము ఈ విషయమును బహిరంగ ప్రకటనతో స్పష్టపరచినది. సంఘములు పెండ్లివారిని పీడించుట ఎంత తప్పో, ఈ మినహాయింపును వ్యాపారమునకు తెరగా వాడుకొనుట అంతే తప్పు. సూరతున నవరాత్రులయందు వీధిలో ఇరుగుపొరుగువారు కూడి ఆడు శేరీ గర్బా వేరు. టికెట్టులు పెట్టి, ప్రకటనకర్తల పలకలు కట్టి పార్టీ ప్లాటులో నడుపు గర్బా వేరు. ఆ దినములలోనే పూలు పేర్చి ఇంటిముందర తిరిగి ఆడు బతుకమ్మ వేరు. రుసుము పుచ్చుకొని పేరొందిన గాయకులను రప్పించి చేయు వేదిక వేరు. టికెట్టు గాని రుసుము గాని పెట్టు ఉత్సవములకు లైసెన్సు పుచ్చుకొనుటయే గాక, ఆ రాత్రి పాడిన పాటల పట్టికను రచయితల పేర్లతో సంఘమునకు పంపుట కూడ అలవాటు కావలెను. ఆ పట్టిక లేనిచో మనము కట్టిన రుసుము మన కవికి చేరక పెద్ద పేర్ల ఖాతాలలో చేరును.

చేయదగిన పని

ఇంతవరకు చెప్పినదానినిబట్టి నవాగామ్ గేయకర్తకు నా సలహా తేటగానే ఉన్నది. తొలిపాట వెలువడి వినియోగములోనికి వచ్చినంతనే, పెద్ద ఒప్పందమేదియు కుదుర్చుకొనక పూర్వము, పాన్ కార్డు, గుర్తింపు పత్రము, బ్యాంకు వివరములు జతపరచి ఐ.పి.ఆర్.ఎస్.లో రచయితగా సభ్యుడు కావలెను. బాణీ తనదైనచో స్వరకర్తగాను, పాడినచో ఇసామ్రాలోను చేరవలెను. స్టూడియోనుండి బయటికి వచ్చుటకు ముందే సాహిత్యమునకింత, స్వరమునకింత యని సహరచయితలతో కాగితముపై వ్రాసికొనవలెను. స్నేహము చెడునని భయపడి వ్రాయనివారికే పిమ్మట స్నేహము చెడుట చూచుచున్నాము. నామినీ పేరు వ్రాయుట మరువరాదు, ఏలయనగా హక్కు మనిషికంటె అరువదియేండ్లు ఎక్కువ బ్రతుకును.

ఒంటరి కార్మికునకు ఇదంతయు భారమే. ఆ భారమును సమాజము పంచుకొనవలెను. సూరతులోని తెలుగు కుల, సాంస్కృతిక సంఘములు వివాహ వేదికలకును విద్యార్థి బహుమానములకును చూపు శ్రద్ధలో కొంత ఇటు మరల్చి, ఈ ప్రాంతమున పుట్టిన పాటలకు ఒక చిట్టా నడుపవచ్చును: పాట పేరు, కట్టినవారు, బాణీ మూలము, ముద్రణ తేది. దరఖాస్తులు నింపుటలో చదువుకొన్న యువకులు పెద్దలకు తోడ్పడవచ్చును. రచయితల సంఘము తన వంతుగా తెలుగున దరఖాస్తును, తెలుగున వివరణను, తెలుగు పేర్లకు స్థిరమైన వర్ణక్రమమును సమకూర్చి, ముంబయి కార్యాలయమునకు నాలుగు గంటల దూరముననున్న ఈ కార్మికవాడలకు ఏటికొకమారైనను మనుష్యులను పంపవలెనని కోరుట అత్యాశ కాదు. సభ్యులమై ఓటు హక్కుతో కోరినచో ఆ కోరికకు బలము హెచ్చును. బయట నిలిచి సంఘము మనది కాదని నిష్ఠురమాడినంతకాలము అది మనది కాజాలదు. కనుక చేరుదము, చేరిన పిమ్మటనే సంతకము చేయుదము, సంతకము చేసిన ప్రతి కాగితమును చదువుదము.